వాల్యూమ్ పెంచగానే సబ్ వూఫర్ ఆగిపోతోందా? కాయిల్ మార్పించే ముందు ఈ తీగ చూడండి

కార్ సబ్ వూఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకర్) పాడైందని నా దగ్గరికి తెచ్చేవాళ్లలో చాలామంది కాయిల్, అంటే కోన్‌ని కదిపే రాగి తీగ చుట్ట, కాలిపోయిందని ముందే తేల్చేసుకుని వస్తారు. మల్టీమీటర్‌ని ఓమ్‌లలో పెట్టి చూశారా అంటే లేదంటారు. రెండు నిమిషాల పని, దయచేసి ముందు అది చేయండి.

అసలు సౌండే రావట్లేదు

బాక్స్ వెనక టెర్మినళ్ల నుంచి ఆంప్ (ఆంప్లిఫయర్) వైర్లు తీసేసి, 1.5 వోల్టుల టార్చ్ సెల్‌ని ఆ టెర్మినళ్లకి ఒక్క క్షణం తాకించండి. కోన్ (ముందు కనిపించే గరాటా లాంటి భాగం) టప్‌మని కదిలిందా, వూఫర్ బతికే ఉంది. ఇక ఫ్యూజు, స్టీరియో నుంచి ఆంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరు, కారు బాడీకి పెయింట్ గీకకుండా బిగించిన ఆంప్ గ్రౌండ్ బోల్టు, స్టీరియో సెట్టింగ్స్‌లో సబ్ ఆఫ్ అయి ఉండటం, ఇవి చూసుకోండి. కదలకపోతే వూఫర్ బయటికి తీసి నేరుగా దాని టెర్మినళ్ల మీదే కొలవండి, ఎందుకంటే బాక్స్ లోపలి వైరు అదురుకి ఊడిపోవడం మామూలే. 4 ఓమ్‌ల కాయిల్ మీటర్‌లో 3.2 నుంచి 3.8 దాకా చూపిస్తుంది, 4 రాలేదని టెన్షన్ వద్దు. రెండు కాయిల్స్ ఉన్నదైతే వాటిని కలిపే చిన్న వైర్లు (జంపర్లు) విప్పి దేనికది చూడాలి. రెండూ ప్యారలల్‌గా కలిపి ఉంటే ఒకటి పోయినా రెండోదానితో మోగుతూనే ఉంటుంది, బేస్ మాత్రం పలచబడుతుంది.

గరగరమంటోంది

రెండు చేతుల వేళ్లూ కోన్ మీద ఎదురెదురుగా పెట్టి సమంగా లోపలికి నొక్కండి. లోపల రాసుకుంటుంటే కాయిల్ మాడి ఉబ్బినట్టే లెక్క, రీకోన్‌కి (కోన్, కాయిల్ కొత్తవి వేయడానికి) ఇచ్చేయండి. మెత్తగా వెళ్తుంటే చుట్టూ అంచు చూడండి. పాత ఫోమ్ అంచైతే గోరు తగలగానే పొడిగా రాలుతుంది. కొత్తది రబ్బర్ గమ్‌తో అంటించి, గమ్ ఆరేలోపే కోన్‌ని నాలుగు వైపులా నొక్కి ఎక్కడా రాసుకోకుండా మధ్యకి సర్దండి. పేపర్ కోన్ చిరిగితే పలచటి టిష్యూ, తెల్ల ఫెవికాల్ చాలు. ఫెవిక్విక్ మాత్రం వద్దు, గట్టిపడి పక్కనే మళ్లీ చీలుతుంది.

తక్కువలో బాగుంటుంది, పెంచగానే ఆగిపోతుంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. నా సొంత కారులో 12 అంగుళాల వూఫర్ ఇలాగే చేస్తుంటే గ్రౌండ్ మార్చాను, స్టీరియో నుంచి ఆంప్‌కి సౌండ్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ మార్చాను, చివరికి ఒక షాపులో కాయిల్ కూడా మార్పించాను. రెండు వారాల్లో మళ్లీ అదే కథ. వాళ్లు కాయిల్ కొత్తది వేసి, టెర్మినల్ నుంచి కోన్‌కి వెళ్లే జడలాంటి తీగలు పాతవే ఉంచేశారు. తప్పంతా ఆ తీగలోనే ఉంది.

ఈ టిన్సెల్ తీగ లోపల దారప్పోగులుంటాయి, వాటి మీద సన్నటి రాగి రేకు చుట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి ఊగి ఊగి రాగి తెగిపోతుంది, దారం తెగదు. అందుకే పైకి తీగ నిక్షేపంలా కనిపిస్తుంది. కోన్ కదలకపోతే తెగిన కొసలు ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి, మీటర్ 3.5 చూపించి మోసం చేస్తుంది. వాల్యూమ్ పెంచితే కోన్ సెంటీమీటర్ దాకా ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కొసలు విడిపోతాయి.

దీన్ని పట్టుకోవాలంటే మీటర్ తగిలించి, ఇంకొకరిని దాని మీద కన్నేసి ఉంచమని, కోన్‌ని మెల్లగా నొక్కి అక్కడే ఆపండి. కదులుతున్నప్పుడు కాయిల్‌లో కరెంటు పుట్టి అంకెలు ఎలాగూ చిందులేస్తాయి, ఆపాక వచ్చే అంకే అసలుది. తర్వాత పెన్ను కొసతో ఒక్కో తీగనీ అటూ ఇటూ కదపండి. టంకం వేసిన చోటు నుంచి అర సెంటీమీటర్ దూరంలో తీగ తడిసిన తాడులా మెత్తగా వాలిపోయి, కాస్త నల్లబడి ఉందంటే దొరికినట్టే.

టెర్మినల్ దగ్గరే తెగి, తీగలో వదులు మిగిలి ఉంటే అక్కడిదాకా కత్తిరించి మళ్లీ టంకం పెట్టండి. వదులు లేకపోతే రెండు తీగలూ మార్చండి. హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీలో స్పీకర్ టిన్సెల్ వైర్ అని అడగండి. మామూలు రాగి వైరు వేయకండి, కొన్నాళ్లకే విరుగుతుంది. టంకం పెట్టేటప్పుడు తీగని చిమటాతో గట్టిగా పట్టుకోండి, లేకపోతే కరిగిన టంకం పైకి పాకి ఆ ముక్క పుల్లలా బిగుసుకుంటుంది, మళ్లీ సరిగ్గా దాని చివరే తెగుతుంది. స్క్రూడ్రైవర్‌ని అయస్కాంతం లాక్కుంటుంది, కోన్‌కి బొక్క పడకుండా చూసుకోండి.

కోన్‌ని పూర్తిగా బయటికి లాగినా తీగ బిగుసుకోకూడదు, పూర్తిగా నొక్కినా కోన్‌ని తాకకూడదు.

స్పైడర్ (కోన్ వెనక కాయిల్‌ని మధ్యలో పట్టి ఉంచే ముడతల గుడ్డ) ఊడటం, వూఫర్ కింద పడి మాగ్నెట్ జరగడం అరుదు. స్పైడర్‌కి ఎపాక్సీ చాలు, మాగ్నెట్ జరిగితే ఆ వూఫర్ మీద ఆశ వదిలేయండి.

బాక్స్‌లో బిగించే ముందు బయటే తక్కువ వాల్యూమ్‌లో పావుగంట మోగించి, ఆంప్ ఆపేసి, కొత్త టంకం మీద వేలు పెట్టి చూడండి. చల్లగా ఉంటే బిగించేయొచ్చు. వేడిగా ఉంటే అతుకు సరిగ్గా పడలేదు, మళ్లీ కరిగించి పెట్టండి.