రోబో పాడైందా, గ్రూపులో తేడానా? మూడో తరగతి తంటాలు, వాటి మందులు

విశాఖలో మధురవాడ వైపు ఒక బడిలో మూడో తరగతికి చెబుతాను. పిల్లలు 28 మంది, బీ-బాట్ రకం నేల రోబోలు (వీపు మీది బాణం బటన్లు వరసగా నొక్కి, చివర 'గో' నొక్కితే ఆ వరసలో నడిచే బొమ్మలు) నాలుగు, గీత పట్టుకుని నడిచేవి రెండు. మొదట్లో ఎవరైనా "మేస్టారూ, ఇది పాడైపోయింది" అనగానే స్క్రూడ్రైవర్ తీసేవాణ్ని. ఇప్పుడు తీయను. నేల రోబో అయితే ముందు మెమరీ చెరిపేసి, 'ముందుకు' ఒక్కసారి నొక్కి, గో నొక్కి చూస్తాను. ఒకడుగు నిటారుగా వేసి ఆగిందంటే చాలాసార్లు రోబో బాగానే ఉంది, తేడా చుట్టూ కూర్చున్నవాళ్ల దగ్గరే.

మూడు అడుగులు చెబితే తొమ్మిది వేసి గోడకి గుద్దుకుంటోంది

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ముందు గ్రూపువాళ్లు నొక్కిన ఆరు అడుగులు అందులో అలాగే ఉన్నాయి. బీ-బాట్ పాతవి తనంతట తాను మర్చిపోదు, కొత్తవి వాటి వెనకే చేరతాయి, గో నొక్కితే మొదటినుంచీ నడుస్తుంది. ప్రతి ఆటకీ ముందు ఇంటూ గుర్తు బటన్ నొక్కాలి. "క్లియర్ చేయండి" అని నెల రోజులు అరిచినా పని జరగలేదు, "పలక తుడిచారా?" అన్న రోజు నుంచి జరుగుతోంది. ఇప్పుడు వాళ్లే ఒకళ్లనొకళ్లు అడుగుతారు.

ఎడమకి తిప్పితే అక్కడే నిలబడిపోతోంది, లేదా కుడికి పోతోంది

ఇవి రెండు వేరు వేరు తప్పులు. మలుపు బటన్ ఉన్నచోటే 90 డిగ్రీలు తిప్పుతుందంతే, కదలాలంటే మళ్లీ 'ముందుకు' నొక్కాలి. ఇది ఒక్కసారి చూపిస్తే చాలు. రెండోది మొండిది. రోబో పిల్లాడి వైపు తిరిగి ఉన్నప్పుడు దాని ఎడమ వాడికి కుడి అవుతుంది. చెప్పి లాభం లేదు, లేపి రోబో వెనక నిలబెట్టి, అది చూసే వైపే చూడమనాలి, తర్వాత "అన్నం తినే చెయ్యి వైపా, కాదా?" అని అడగాలి. (మా క్లాసులో ఒక పిల్ల అన్నీ ఎడమ చేత్తోనే చేస్తుంది, అన్నం మాత్రం అమ్మమ్మ భయానికి కుడి చేత్తో తింటుందట. నా సూత్రం అలా బతికిపోయింది.) 1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేసినవాళ్లలో ఒకరైన సీమోర్ పేపర్ట్ కూడా ఇదే పట్టుకున్నాడు, ఆ భాషలో మనం చెప్పినట్టు నడిచే బొమ్మ పేరు తాబేలు, ఆ తాబేలు ఎటు పోవాలో తెలియకపోతే నువ్వే తాబేలువై నడిచి చూడు అన్నాడు.

నిటారుగా పోవట్లేదు, పక్కకి లాగేస్తోంది

చక్రాలు చూడండి. మన ఊళ్లో ఇసుక ఎక్కడికైనా వస్తుంది, దానికి పొడవాటి జుట్టు తోడైతే ఇరుసుకి చుట్టుకుపోతుంది. వెంట్రుకలు పట్టకారుతో లాగి, తడిగుడ్డతో తుడవండి. ఛార్జింగ్ తగ్గినా ఇలాగే చేస్తుంది. రోబో నడవడానికి ఫ్లెక్సీ షాపులో ప్రింట్ చేయించిన గళ్ల మ్యాట్ అంచులు పైకి లేస్తే తిరగేసి చుట్టి ఒక రాత్రి ఉంచండి. అసలు మ్యాటే అక్కర్లేదు. బీ-బాట్ అడుగు 15 సెంటీమీటర్లు, మా గదిలో టైల్స్ ఒక్కో వైపు రెండు ఫీట్లు, అంటే ఒక్కో టైల్‌కి దాదాపు నాలుగు రోబో అడుగులు, సుద్దముక్కతో గళ్లు గీసుకుంటే సరి. అప్పుడు కూడా దారి పొడుగయ్యేకొద్దీ చిన్న వంకర పెద్దదవుతుంది కాబట్టి పది అడుగులు దాటనివ్వకండి.

గీత రోబో పొద్దున పిచ్చెక్కినట్టు తిరిగి, మధ్యాహ్నం బుద్ధిగా ఉంటోంది

మా కిటికీలు సముద్రం వైపు. పొద్దుటి ఎండ నేరుగా పడితే దాని కంటికి నలుపూ తెలుపూ తేడా తెలియదు. పరదా వేసి, ఆ వెలుతురులోనే మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి, అంటే ఆ వెలుతురుకి దాని కంటిని సరిచేయండి. గీత సన్న స్కెచ్ పెన్నుతో కాదు, మార్కర్‌తో దాదాపు 5 మిల్లీమీటర్ల మందాన గీయాలి. మెరిసే ఫ్లెక్సీ వద్దు, మామూలు డ్రాయింగ్ షీటు చాలు.

ఒకడే నొక్కుతాడు, మిగతావాళ్లు చూస్తారు

అసలు తలనొప్పి ఇది. ఒక్క రోబో చుట్టూ ఏడుగుర్ని కూర్చోబెడితే ఇంకేం జరుగుతుంది? ఇప్పుడు సగం క్లాసు నేల రోబోల దగ్గర, ముగ్గురు నలుగురు చొప్పున, మిగతా సగం గళ్ల కాగితం మీద దారి గీస్తూ ఉంటారు, తర్వాత మార్పు. అలా చేసినా చురుకైనవాడు బటన్లు లాగేసుకుంటున్నాడు. తలా ఒక బటన్ నొక్కమని రూల్ పెట్టాను, అది ఇంకా ఘోరం, ఎవడి వంతు కోసం వాడు కాచుకుని కూర్చున్నాడు తప్ప ఒక్కడూ మాట్లాడలేదు.

పనిచేసింది ఇదీ: ఒకరు బాణం కార్డులు వరసగా పేరుస్తారు. ఇంకొకరు ఆ కార్డులు చూసి నొక్కుతారు, సొంత తెలివి వాడకూడదు. మూడోవాళ్లు గో నొక్కకముందే రోబో ఎక్కడ ఆగుతుందో ఆ గడిలో చింతపిక్క పెడతారు. నాలుగోవాళ్లుంటే కార్డుల వరసా నొక్కిన వరసా ఒకటేనా అని చూస్తారు. ప్రతి ఆటకీ పనులు మారతాయి. రోబో పిక్క దగ్గర ఆగకపోతే కార్డుది తప్పా, నొక్కడంలో తప్పా, పిక్కదే తప్పా అన్న గొడవ మొదలవుతుంది, ఆ గొడవే మనకి కావాల్సిన పాఠం. దయచేసి అప్పుడు జవాబు చెప్పేయకండి, నేను చాలాసార్లు చెప్పేసి చెడగొట్టాను. రెండు వారాలు నోరు విప్పని పిల్ల ఒకతి, అందరూ ఒక గడి చూపిస్తుంటే పక్క గడిలో పిక్క పెట్టింది. రోబో వచ్చి అక్కడే ఆగింది. "ఎలా తెలిసింది?" అని గ్రూపంతా ఆమె మీద పడ్డారు, మొదటిసారి ఆమె వేలితో కార్డులు లెక్కపెట్టి చూపించింది.

గ్రూపులు కొట్టుకుంటున్నాయి

"ఎవరు ముందో చూద్దాం" అన్నది మీరే కదా? నేనూ అన్నాను. దారి కలిపేయండి: గళ్లకి మన ఊరి పేర్లు పెట్టి, ఒక గ్రూపు బస్ కాంప్లెక్స్ నుంచి జగదాంబ సెంటర్ దాకా, అక్కడి నుంచి బీచ్ దాకా ఇంకో గ్రూపు. మొదటివాళ్లు తప్పితే రెండోవాళ్లకి మొదలే దొరకదు, కాబట్టి అరవడం మానేసి సాయం చేస్తారు.

సెలవుల తర్వాత ఆన్ అవ్వట్లేదు

మన ఉప్పుగాలికి తోడు లోపల మర్చిపోయిన సెల్స్ కారితే బిళ్లల మీద చిలుము పడుతుంది. మామూలు ఆల్కలీన్ సెల్స్ అయితే చేతికి గ్లవ్స్ వేసుకుని వాటిని తీసేసి, నిమ్మరసం అద్దిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక కొత్తవి వేయండి. లోపలే బ్యాటరీ ఉన్న రకాన్ని పూర్తిగా ఖాళీగా వదలకుండా సగం ఛార్జింగ్‌తో పెట్టండి. డబ్బాలో చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేయండి, మూత గట్టిగా పెట్టండి.