కొమ్మకు వేరు పట్టించడం – 4: ఐబీఏను కరిగించడం

2500 పీపీఎం (లీటరుకు 2500 మిల్లీగ్రాముల) ఐబీఏ ద్రావణం కలపమన్న పోయిన పాఠంలో చాలామందికి ఒకటే ఇబ్బంది వచ్చింది. పొడి నీళ్ల మీద తేలింది, కలిపేకొద్దీ తెల్లటి రేణువులు గ్లాసు గోడకు అంటుకున్నాయి. అందుకే గాలి అంట్లు (కొమ్మకు చెట్టు మీదే వేరు పట్టించడం) వచ్చే పాఠంలో చూద్దాం. ఈసారి కరిగించడమే పని.

ఐబీఏ అంటే ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం, కొమ్మకు వేర్లు పుట్టించే హార్మోన్. లీటరు నీటిలో సుమారు పావు గ్రామే కరుగుతుంది. మనకు కావలసింది లీటరుకు 2.5 గ్రాములు, పదింతలు! ఎంతసేపు తిప్పినా మిగతాది పొడిగానే ఉండిపోతుంది. ఆల్కహాల్‌లో మాత్రం ఇట్టే కరుగుతుంది.

ఒక గ్రాము ఐబీఏను 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వేసి, ఒక్క రేణువూ కనబడనంతవరకు తిప్పండి. తర్వాతే డిస్టిల్డ్ వాటర్‌ను సన్నటి ధారగా పోస్తూ మొత్తం 200 మి.లీ. చేయండి. ఇది 5000 పీపీఎం. మిల్లీగ్రాములు తూచే అవసరం ఉండదు కాబట్టి నా ఓటు ఎప్పుడూ దీనికే. బంగారం తూచే చిన్న కాటా చాలు. పొయ్యి దగ్గర మాత్రం కలపకండి.

పప్పులో కాలేసేది ఇక్కడే. 2500 కావాలని ఈ ద్రావణానికి సమానంగా వట్టి నీళ్లు పోసేస్తారు. ఆల్కహాల్ 50 శాతం నుంచి 25కి పడిపోతుంది. అది పట్టి ఉంచలేని ఐబీఏ బయటపడి సీసా పాలనీళ్లలా అవుతుంది. కాసేపటికి పైన తేట, అడుగున మడ్డి. పైతేటలో ముంచిన కొమ్మకు అందింది ఎంతో ఎవరూ చెప్పలేరు. మరికాస్త ఆల్కహాల్ పోస్తే తేటపడుతుంది, కానీ మోతాదు మారిపోతుంది. కాబట్టి పలచన చేసేది నీళ్లతో కాదు. సగం ఆల్కహాల్, సగం నీళ్లు కలిపిన మిశ్రమంతోనే. 2500కైనా, 1000కైనా, 500కైనా ఇదే.

ఐబీఏ పొటాషియం లవణం దొరికితే అది నేరుగా నీళ్లలో కరుగుతుంది. కాకపోతే బరువు ఎక్కువ: గ్రాముకు బదులు 1.19 గ్రాములు తూచాలి.

ముదురు కొమ్మ అడుగు 2 సెం.మీ. మేర 5 సెకన్లు ముంచి, ఆరనిచ్చి నాటండి. లేత కొమ్మలకు ఆల్కహాల్ తగిలితే అడుగు నల్లబడుతుంది, వాటికి ఐబీఏ కలిపిన టాల్క్ పొడి మేలు. ముంచగా మిగిలింది తిరిగి సీసాలో పోయకండి. సీసా గోధుమరంగుది, పేరూ తేదీ రాసి ఫ్రిజ్‌లో, పిల్లలకు అందకుండా.

అభ్యాసం: పెన్సిల్ లావు దానిమ్మ కొమ్మలు 40 తీసుకోండి. పదింటిని 5000లో, పదింటిని 2500లో, పదింటిని 1000లో (20 మి.లీ. ద్రావణం, 80 మి.లీ. మిశ్రమం), మిగతా పదింటిని ఐబీఏ లేని వట్టి మిశ్రమంలో ముంచండి. 60 రోజులకు తీసి, ఒక్కో కొమ్మకు ఎన్ని వేర్లో లెక్క రాయండి.