ప్యాకేజీలో తప్పుడు లైసెన్సు పాఠం: అది ఏ దశలో చొరబడిందో పట్టుకునే పద్ధతి

సీ భాషలో రాసిన ఒక చిన్న లైబ్రరీని తీసుకుందాం. దాని రిపాజిటరీలో (కోడ్ దాచే చోట) లైసెన్స్ అనే ఫైలులో ఎంఐటీ లైసెన్సు (షరతులు చాలా తక్కువగా ఉండే రకం) ఉంది, ప్రతి సోర్సు ఫైలు మొదట్లోనూ అదే ఉంది. కానీ బిల్డ్ (సోర్సును నడిచే ప్రోగ్రాముగా మార్చే పని) ముగిసి ప్యాకేజీ చేతికి వచ్చాక విప్పి చూస్తే, లైసెన్సుల డైరెక్టరీలో కాపీయింగ్ అనే పేరుతో జీపీఎల్ (ప్రోగ్రామును పంచేవారు సోర్సును కూడా ఇవ్వాలనే కఠినమైన లైసెన్సు) మూడో వెర్షన్ పాఠం, మొత్తం 674 వరుసలు, కనిపిస్తుంది. ఎంఐటీ పాఠం జాడే ఉండదు. లైసెన్సులు పరిశీలించేవారు సహజంగానే ఆ ప్యాకేజీని ఆపేస్తారు.

ఇది నాకు మొదటిసారి ఎదురైనప్పుడు, ఆ ఫైలును చేర్చినది ఎవరో తెలుసుకుందామని గిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే పనిముట్టు) చరిత్రను ఒక పూటంతా తవ్వాను. చివరికి తేలిందేమిటంటే, దాన్ని ఎవరూ చేర్చలేదు. అప్పటి నుంచి ఇలాంటి సమస్య వస్తే ‘ఎవరు’ అన్న ప్రశ్నను పక్కనబెట్టి, ‘ఏ దశలో’ అన్న ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను. తప్పుడు లైసెన్సు పాఠాన్ని మనిషి చేత్తో రాయడం అరుదు. చాలాసార్లు ఏదో ఒక పనిముట్టు తన దగ్గరున్న ప్రతిని తెచ్చి అక్కడ పెడుతుంది.

ముందుగా తప్పు ఎందులో ఉందో తేల్చుకోవాలి. లైసెన్సు పేరు వేరు, లైసెన్సు పూర్తి పాఠం వేరు, హక్కుదారుల పేర్లుండే కాపీరైట్ వాక్యం వేరు. ఈ మూడూ మూడు దారుల్లో ప్యాకేజీలోకి వస్తాయి. పేరు తప్పయితే ప్యాకేజీ వివరాలు రాసే ఫైళ్లలో, అంటే ఆర్‌పీఎం స్పెక్ ఫైలులోనో, డెబియన్ (ఒక లినక్స్ పంపిణీ) కాపీరైట్ ఫైలులోనో, యోక్టో (పరికరాలకు లినక్స్ కట్టే వ్యవస్థ) రెసిపీలోనో, ఎవరో రాసిన ఒక్క వరుసను చూస్తే సరిపోతుంది. కాపీరైట్ వాక్యం తప్పయితే సాధారణంగా వేరే ప్రాజెక్టు నుంచి తెచ్చుకున్న మూసను దిద్దకుండా వదిలేసి ఉంటారు. ఈ రెంటికీ పెద్ద వెతుకులాట అక్కరలేదు. చిక్కంతా పూర్తి పాఠం మారిపోయినప్పుడే వస్తుంది.

అప్పుడు చేయవలసిన మొదటి పని, ఆ తప్పుడు ఫైలును విడిగా భద్రపరచి దాని ఎస్‌హెచ్‌ఏ256 విలువను (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్యను) రాసిపెట్టుకోవడం. ఇకపై ఎక్కడ వెతికినా ఆ విలువతోనే పోల్చాలి, ఎందుకంటే చూపుకు ఒకేలా ఉండే జీపీఎల్ ప్రతుల మధ్య చిన్న తేడాలు ఉంటాయి, ఆ తేడాలే మనకు ఆధారాలు. జీపీఎల్ రెండో వెర్షన్ ప్రతుల్లో ఆ లైసెన్సును ప్రచురించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చిరునామా చూడండి: 675 మాస్ అవెన్యూ అని ఉంటే అది 1990ల నాటి పాత ప్రతి, 59 టెంపుల్ ప్లేస్ అని ఉంటే ఆ తర్వాతది, 51 ఫ్రాంక్లిన్ స్ట్రీట్ అని ఉంటే 2005 తర్వాతది. ఫౌండేషన్ 2024లో ఆ కార్యాలయాన్ని కూడా మూసివేసింది. మూడో వెర్షన్ ప్రతుల్లోనైతే ఫౌండేషన్ వెబ్ చిరునామా హెచ్‌టీటీపీతో ఉందా, హెచ్‌టీటీపీఎస్‌తో ఉందా అన్నది గమనించాలి. ఫైలు పాతదా కొత్తదా అని తెలిస్తే, అది ప్రాజెక్టు మొదట్లో వచ్చి చేరిందా లేక నిన్నమొన్న బిల్డ్ యంత్రం నుంచి వచ్చిందా అన్న అంచనాకు రావచ్చు.

తర్వాత దశలను వరుసగా రాసుకోవాలి: విడుదల ట్యాగు (ఆ వెర్షన్‌కు వేసిన గుర్తు) దగ్గర గిట్ రిపాజిటరీ, విడుదల టార్‌బాల్ (సోర్సు ఫైళ్లన్నీ కట్టిన మూట), ప్యాచ్‌లు (చిన్న సవరణలు) వేసిన తర్వాతి సోర్సు, బిల్డ్ డైరెక్టరీ, మేక్ ఇన్‌స్టాల్ ఆదేశం ఫైళ్లను అమర్చిన తాత్కాలిక రూట్ డైరెక్టరీ, చివరికి ప్యాకేజీ. ఈ వరుస మధ్యలో ఒకచోట పట్టుకుని ఆ విలువ గల ఫైలు ఉందో లేదో చూడాలి. ఉంటే ముందు దశలకు, లేకపోతే తర్వాతి దశలకు వెళ్లాలి. రెండు మూడు పరీక్షల్లోనే, ముందు దశలో లేనిది తర్వాతి దశలో ఉన్న ఆ ఒక్క సందు దొరుకుతుంది. దోషం ఆ సందులోనే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోవలసిన సందు గిట్‌కూ టార్‌బాల్‌కూ మధ్య ఉన్నది. గిట్‌హబ్ తనంతట తాను తయారుచేసే ఆర్కైవులో రిపాజిటరీలో ఉన్నదే ఉంటుంది. కానీ నిర్వాహకుడు తన యంత్రంలో మేక్ డిస్ట్ (టార్‌బాల్ తయారుచేసే ఆదేశం) నడిపి పైకెక్కించిన టార్‌బాల్‌లో రిపాజిటరీలో లేని ఫైళ్లు కూడా ఉంటాయి. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ అనే కుదింపు పనిముట్టులో దొంగదారి పెట్టిన ఉదంతంలో 5.6.0, 5.6.1 టార్‌బాల్‌లలో దాగిన ఎం4 ఫైలు (బిల్డ్‌కు వాడే ఒక స్క్రిప్టు) గిట్‌లో లేకపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది కావాలని చేసిన ద్రోహం, మనది అమాయకపు పొరపాటు. వచ్చిన దారి మాత్రం ఒకటే. కాబట్టి రెంటినీ పక్కపక్కన విప్పి, తేడాలు చూపే డిఫ్‌ను ఆర్, క్యూ ఐచ్ఛికాలతో నడిపి, టార్‌బాల్‌లో మాత్రమే ఉన్న ఫైళ్ల జాబితాను చూడండి. గిట్ స్టేటస్ ఏమీ చూపలేదు కదా అని ధీమా పడకూడదు, ఎందుకంటే గిట్ పట్టించుకోకూడని పేర్లుండే గిట్‌ఇగ్నోర్‌లో కాపీయింగ్ పేరు ఉంటే అది మౌనంగా ఉండిపోతుంది. ఇగ్నోర్డ్ ఐచ్ఛికంతో మళ్లీ అడగాలి. ఫైలు నిజంగానే గిట్‌లో ఉందని తేలితే అప్పుడు మాత్రం గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఐచ్ఛికంతో ఆ పాఠంలోని ఒక పదబంధాన్ని ఇచ్చి, అది తొలిసారి ప్రవేశించిన కమిట్‌ను (నమోదైన మార్పును) పట్టుకోవచ్చు.

మన ఉదాహరణలో ఫైలు గిట్‌లో లేదు, టార్‌బాల్‌లో ఉంది. రిపాజిటరీని కొత్తగా క్లోన్ చేసి బిల్డ్ ఫైళ్లను తయారుచేసే ఆటోరీకాన్ఫ్‌ను (ఇది ఆటోమేక్ అనే పనిముట్టును పిలుస్తుంది) ఇన్‌స్టాల్ ఐచ్ఛికంతో నడిపి, వచ్చిన లాగ్‌లో కాపీయింగ్ అనే మాట కోసం గ్రెప్‌తో వెతికితే దొంగ దొరుకుతాడు. జీఎన్‌యూ (గ్నూ) జనరల్ పబ్లిక్ లైసెన్స్, అంటే జీపీఎల్, మూడో వెర్షన్ ఫైలును వాడి కాపీయింగ్‌ను ఇన్‌స్టాల్ చేస్తున్నానని ఆటోమేక్ అక్కడ స్పష్టంగా చెబుతుంది; మీ లైసెన్సు ఏదన్న ప్రశ్న రాకుండా ఆ ఫైలును వెర్షన్ కంట్రోల్‌లో చేర్చుకోమని కింది వరుసల్లో సలహా కూడా ఇస్తుంది. వందల వరుసల మధ్య ఆ కొద్ది వరుసలను చదివేవారెవరు?

కారణం ఇది. ఆటోమేక్ మామూలుగా గ్నూ ప్రాజెక్టు నియమాలను పాటిస్తుంది. ఆ నియమాల ప్రకారం ప్రాజెక్టులో కాపీయింగ్ లేదా దాని సాటి పేర్లున్న ఫైలు ఒకటి ఉండి తీరాలి. మన ప్రాజెక్టులో ఉన్న లైసెన్స్ అనే ఫైలు దాని దృష్టిలో లెక్కలోకి రాదు. ఇన్‌స్టాల్ ఐచ్ఛికంతో లేని ఫైళ్లను చేర్చమని అడిగాం కనుక, తనతో పాటు వచ్చిన జీపీఎల్ ప్రతిని తెచ్చి పెట్టింది. అక్కడితో ఆగలేదు: మేక్ డిస్ట్ కాపీయింగ్ పేరును గుర్తించి దాన్ని టార్‌బాల్‌లో వేసింది, లైసెన్స్ ఫైలును ఎవరూ ఎక్స్‌ట్రా డిస్ట్ (టార్‌బాల్‌లో అదనంగా చేర్చవలసిన ఫైళ్ల) జాబితాలో రాయలేదు కాబట్టి దాన్ని వదిలేసింది. స్పెక్ ఫైలులో కాపీయింగ్‌తో మొదలయ్యే పేర్లన్నీ తీసుకొమ్మని రాసి ఉంది కనుక, ప్యాకేజీ కూడా అదే పట్టుకుంది. ఇందులో ఏ పనిముట్టూ తన నియమం తప్పలేదు.

లాగ్ దొరకని సందర్భాల్లో బిల్డ్ డైరెక్టరీలో ఆ ఫైలును ఎల్‌ఎస్‌తో పొడుగు రూపంలో చూడండి. ఆటోమేక్ నేరుగా పెట్టినదైతే తన సొంత డైరెక్టరీకి సింబాలిక్ లింకుగా (అసలు ఫైలు వైపు చూపే గుర్తుగా) ఉంటుంది, అదొక్కటే చాలు. కాపీగా ఉంటే, ఆ యంత్రంలో షేర్ డైరెక్టరీ కింద ఉన్న ఫైళ్ల ఎస్‌హెచ్‌ఏ256 విలువలను మన విలువతో పోల్చాలి. అదీ ఫలించకపోతే బిల్డ్‌ను ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాములు ఏ ఫైళ్లను తెరుస్తున్నాయో చూపే పనిముట్టు) కింద నడిపి, ఆ పేరుతో ఫైలును రాయడానికి తెరిచిన ప్రాసెస్ ఏదో చూడవచ్చు. బిల్డ్ నెమ్మదిస్తుంది గానీ జవాబు తప్పకుండా వస్తుంది.

సందు చివరి దశల్లో దొరికితే అనుమానించవలసినవి వేరు. యోక్టోలో రెసిపీలో రాసిన లైసెన్సు పేరును బట్టి కామన్ లైసెన్సుల డైరెక్టరీలోని సాధారణ పాఠం, జెనరిక్ అనే ముందుపేరుతో, ఫలితాలు పెట్టే డిప్లాయ్ డైరెక్టరీలోకి చేరుతుంది. అది ఆ పేరు గల లైసెన్సు నమూనా మాత్రమే, మీ ప్రాజెక్టు రచయిత పేరు అందులో ఉండదు. లైసెన్సు ఫైలు మారితే చెక్‌సమ్ (ముందు నమోదు చేసుకున్న వేలిముద్ర సంఖ్య) సరిపోక యోక్టో ఫిర్యాదు చేస్తుంది. పాఠాన్ని చదవకుండా కొత్త చెక్‌సమ్ అతికించి ముందుకు పోయే అలవాటే అక్కడ అసలు రోగమని నా అభిప్రాయం. డెబియన్‌లో ఉమ్మడి లైసెన్సుల కింద ఉన్న బీఎస్‌డీ అనే లైసెన్సు ఫైలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రీజెంట్ల పేరిట రాసినది. ఇతరుల కోడ్‌కు లైసెన్సుగా దాన్ని చూపించవద్దని డెబియన్ విధానమే చెబుతోంది. పైథాన్‌లో సెటప్‌టూల్స్ అనే పనిముట్టు కాపీయింగ్, లైసెన్స్, నోటీస్ వంటి పేర్లతో మొదలయ్యే ఫైళ్లను అడగకుండానే వీల్ అనే ప్యాకేజీలోకి తీసుకుంటుంది, కాబట్టి డైరెక్టరీలో మిగిలిపోయిన పాత ఫైలు కూడా అందులోకి వెళ్లిపోవచ్చు.

తప్పు కానిదాన్ని తప్పనుకునే ప్రమాదమూ ఉంది. బైసన్ అనే పనిముట్టు తయారుచేసిన పార్సర్ (పాఠాన్ని విడదీసి అర్థం చేసుకునే కోడ్) ఫైలు మొదట్లో జీపీఎల్ నోటీసు ఉంటుంది, దాని కిందనే, మీ ప్రాజెక్టుకు మీ లైసెన్సే పెట్టుకోవచ్చనే ప్రత్యేక మినహాయింపు ఉంటుంది. యంత్రం రకాన్ని గుర్తించే కాన్ఫిగ్ డాట్ గెస్ ఫైలుదీ అదే తీరు. లైసెన్సులు వెతికే స్కానర్ మొదటి పేరాను పట్టుకుని అరుస్తుంది. ఆ నోటీసులను తొలగించడానికి పూనుకోకండి, మినహాయింపును చదివి నమోదు చేసుకోండి.

ఇక మరమ్మతు. లైసెన్స్ ఫైలులోని పాఠాన్నే కాపీయింగ్ పేరుతో గిట్‌లో చేర్చడం అన్నిటికన్నా తేలిక. ఉన్న కాపీయింగ్‌ను నేటి ఆటోమేక్ ఫోర్స్ మిస్సింగ్ ఐచ్ఛికం ఇచ్చినా చెరపదు. అలా ఇష్టం లేకపోతే ఆటోమేక్ ఐచ్ఛికాల్లో ఫారిన్ (గ్నూ నియమాలు వద్దని చెప్పే మాట) అని రాయాలి, కానీ దానితో పాటే లైసెన్స్ ఫైలును ఎక్స్‌ట్రా డిస్ట్‌లో రాయడం మరచిపోకూడదు, లేదంటే జీపీఎల్ పోయి దాని స్థానంలో ఏ లైసెన్సూ లేని టార్‌బాల్ తయారవుతుంది. నోటీసును ప్రతి కాపీలోనూ ఉంచాలన్నది ఎంఐటీ లైసెన్సు పెట్టే షరతు. మార్పును మీ ప్యాచ్‌గా దాచుకోకుండా అసలు ప్రాజెక్టుకే పంపండి. ఇప్పటికే విడుదలైన టార్‌బాల్‌ను అదే పేరుతో మార్చమని మాత్రం కోరకండి, దాని చెక్‌సమ్‌ను నమ్ముకున్న పంపిణీలన్నిటిలో బిల్డ్‌లు విరుగుతాయి. కొత్త వెర్షన్ విడుదల చేయమని అడగండి.

సరిచేశాక పాత డైరెక్టరీలోనే మళ్లీ బిల్డ్ చేసి ఫలితం చూడకూడదు. ముందు పడిన కాపీయింగ్ ఇంకా అక్కడే ఉంటుంది, ఉన్నదాన్ని ఆటోమేక్ ముట్టదు, మేక్ డిస్ట్ మళ్లీ దాన్నే మూట కడుతుంది. కొత్త క్లోన్‌లో బిల్డ్ చేసి, మొదట రాసిపెట్టుకున్న ఎస్‌హెచ్‌ఏ256 విలువ ప్యాకేజీలోని ఏ ఫైలుకూ రాలేదని, లైసెన్స్ ఫైలు విలువ ఒకదానికి వచ్చిందని, రెండూ చూసుకోవాలి.