ఏఐ ఏజెంటు వాడుకునే టూల్‌కు వివరణ రాయడం ఎలా

నెల్లూరు జిల్లాలో రైసుమిల్లులకూ ధాన్యం వ్యాపారులకూ సాఫ్ట్‌వేర్ రాసేవారు, ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏఐ ఏజెంటు (మన మాటల్లో అడిగిన పనిని తానే చేసిపెట్టే ప్రోగ్రాం) సైతం వాడుకోగలిగేలా సిద్ధం చేయవలసిన కాలం వచ్చింది. గుమాస్తా మెనూలన్నీ వెతుక్కోకుండా "నిన్న కోవూరు నుంచి ఎంత సరుకు దిగింది?" అని అడిగితే, ఏజెంటే తగిన టూల్‌ను, అంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పని చేసే ఫంక్షన్‌ను, ఎంచుకుని, కావలసిన వివరాలు నింపి, వచ్చిన ఫలితాన్ని చదివి జవాబు చెప్పాలి. సాధారణంగా ఏజెంటుకు ఆ టూల్ వెనక ఉన్న కోడ్ కనబడదు. 2024 నవంబరులో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో (ఏజెంటును టూల్స్‌తో కలిపే ఉమ్మడి పద్ధతి) గానీ, అంతకుముందే వాడుకలో ఉన్న ఫంక్షన్ కాలింగ్‌లో (ఏ ఫంక్షన్‌ను పిలవాలో మోడలే చెప్పే పద్ధతి) గానీ దానికి ప్రధానంగా చేరేవి టూల్ పేరు, మాటల్లో రాసిన వివరణ, ఏ ఇన్‌పుట్ ఏ రకంగా ఉండాలో చెప్పే జేసన్ స్కీమా. మిల్లులో అందరికీ తెలిసిందే కదా అని మనం రాయకుండా వదిలేసినదాన్ని అది ఊహించుకుంటుంది. తప్పులు ఎక్కువగా పుట్టేది అక్కడే.

అందుచేత ముందుగా కొలతలు రాయండి. నెల్లూరులో వడ్ల బేరం పుట్టి లెక్కన సాగుతుంది, ఇక్కడి పుట్టి 850 కిలోలు. ఆ సంగతి ఎక్కడా చెప్పకుండా టూల్ "ధర: 20,136" అని మాత్రమే ఇచ్చిందనుకోండి. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు కనుక, పుట్టికి 20,136 అంటే ఇంచుమించు ఆ మద్దతు ధరే. అదే అంకెను ఏజెంటు టన్ను ధర అనుకుంటే, క్వింటాలుకు 2,013 రూపాయలే పడుతున్నాయనీ, రైతు క్వింటాలు మీద సుమారు 355 రూపాయలు నష్టపోతున్నాడనీ లెక్కగట్టి, ఏ సందేహమూ లేకుండా చెబుతుంది. అంకె సరైనదే, కోడ్ సరైనదే. లోపమంతా వివరణలో ఉంది.

"గెట్_రేట్: ధర ఇస్తుంది" అని రాసి ఊరుకుంటే అది వివరణ అనిపించుకోదు. దాన్ని ఈ విధంగా రాయవచ్చు:

"మిల్లు_కొనుగోలు_ధర: అడిగిన తేదీన, అడిగిన రకం వడ్లకు ఈ మిల్లు చెల్లించిన సగటు ధరను ఇస్తుంది. ధర రూపాయల్లో, పుట్టికి. పుట్టి అంటే 850 కిలోలు. తేమ, తాలు కింద తరుగు తీసిన తరువాత మిగిలిన బరువు మీద లెక్కించినది. ప్రభుత్వ మద్దతు ధర ఇందులో రాదు; దానికి మద్దతు_ధర టూల్‌ను వాడాలి. ఆ రోజు కొనుగోలు జరగకపోతే సున్నా రాదు, 'కొనుగోలు లేదు' అని వస్తుంది."

ఇందులో చివరి రెండు విషయాలను చాలామంది రాయరు, నా దృష్టిలో అవే అన్నిటికన్నా ముఖ్యం. దగ్గరి పోలిక ఉన్న టూల్స్ రెండు ఉన్నప్పుడు దేన్ని ఎప్పుడు వాడకూడదో చెప్పకపోతే ఏజెంటు పేరు చూసి ఏదో ఒకటి పట్టుకుంటుంది. ఖాళీ ఫలితానికి అర్థం చెప్పకపోతే సున్నాను ధరగా తీసుకుని నెల సగటును పాడుచేస్తుంది.

ఇన్‌పుట్‌ల విషయానికి వస్తే, ఒకే వడ్లను రైతు నెల్లూరు మసూరి అంటాడు, గుమాస్తా 34449 అని రాస్తాడు, విత్తనాల సంచి మీద ఎన్ఎల్ఆర్ 34449 అని ఉంటుంది. రకం పేరును ఇష్టం వచ్చినట్టు నింపే గడిగా వదలకుండా, అంగీకరించే విలువల జాబితాను స్కీమాలోనే ఇచ్చి, ఏ వాడుక పేరు దేనికి చెందుతుందో పక్కనే రాయాలి. తేమను 17 అని ఇవ్వాలా, 0.17 అని ఇవ్వాలా అన్నది ఒక ఉదాహరణతో తేల్చేయండి. తేదీకి 2025-06-05 వంటి రూపాన్నే కోరండి, ఎందుకంటే 05-06-2025 అని రాస్తే అది జూన్ అయిదో, మే ఆరో చదివేవారి అలవాటును బట్టి మారిపోతుంది.

చదివి చెప్పే టూల్స్‌కంటే ఖాతాలో ఏదైనా మార్చే టూల్స్‌కు మరింత జాగ్రత్త అవసరం. కాటా చీటీ నమోదు చేసే టూల్‌ను ఏజెంటు పిలిచింది, ఇంతలో నెట్‌వర్క్ తెగింది, జవాబు రాలేదు కనుక మళ్లీ పిలిచింది. అప్పుడు ఒకే ట్రాక్టరు లోడు రెండుసార్లు ఎక్కుతుందా? చీటీ నంబరు ఒకటే అయితే రెండో నమోదు జరగకుండా కోడ్‌లో ఏర్పాటు చేసి, ఆ సంగతిని వివరణలో స్పష్టంగా చెప్పండి. చెల్లింపు రద్దు వంటి పనికి "తిరిగి సరిచేయడం సాధ్యం కాదు, యజమాని అనుమతి తీసుకున్నాకే పిలవాలి" అని రాయవలసిందే. అయితే రాసిన మాట తాళం కాదు కనుక, ఆ అనుమతిని సర్వర్ కూడా విడిగా పరిశీలించి తీరాలి.

ఎర్రర్ సందేశాన్ని కూడా వివరణలో భాగంగానే చూడాలి, ఎందుకంటే దారి తప్పిన ఏజెంటు తరువాత చదివేది దాన్నే. "తప్పు జరిగింది" అని చెబితే అది అదే ఇన్‌పుట్‌తో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. "తేమ 0.17 అని వచ్చింది, శాతంగా 17 అని పంపండి" అంటే వెంటనే సరిచేసుకుంటుంది.

ఇదంతా చదివి వివరణను పేజీల కొద్దీ పెంచకూడదు. చాలా ఏర్పాట్లలో టూల్ వివరణలన్నీ ప్రతి సంభాషణలోనూ ఏజెంటును నడిపే భాషా మోడల్ ముందుకు వస్తాయి, వాటికి టోకెన్లు (మోడల్ చదివే మాటల ముక్కలు) ఖర్చవుతాయి, అసలు ప్రశ్నకు చోటు తగ్గుతుంది. టూల్ ఎంపికకూ, ఇన్‌పుట్ నింపడానికీ, ఫలితం చదవడానికీ పనికిరాని వాక్యాన్ని తీసేయండి.

రాసిన తరువాత, బుచ్చిరెడ్డిపాళెంలోనో ఆత్మకూరులోనో గుమాస్తాలు నిజంగా అడిగే ప్రశ్నలను వారి మాటల్లోనే సేకరించి ఏజెంటుకు ఇవ్వండి. జవాబు ఒక్కటే చూసి తృప్తి పడకుండా, ఏ టూల్‌ను ఏ విలువలతో పిలిచిందో లాగ్‌లో (జరిగిన పిలుపులన్నీ నమోదయ్యే చిట్టాలో) చదవండి. "ఎంత దిగింది" అన్న ప్రశ్నకు అది తరుగుకు ముందు బరువు చెప్పిందంటే, ఆ రెండు బరువుల తేడా మీ వివరణలో లేదన్నమాట. ఆ వాక్యం చేర్చి, అవే ప్రశ్నలను మళ్లీ అడగండి. తరుగు లెక్క మారిన రోజు కోడ్‌తోపాటు వివరణ కూడా అదే మార్పులో మారేలా చూసుకోండి.