యూకేలో ఆఫీసు లీజు కారా, మోటబిలిటీ కారా: సంతకం పెట్టే ముందు

మొదట వీసా చూసుకోండి. ఈ-వీసాలో పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ ఆర్థిక సాయం) తీసుకోకూడదని ఉంటే సాధారణంగా పిప్‌కి (వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే ప్రభుత్వ భత్యం) అప్లై చేయకూడదు, పిప్ లాంటి భత్యం లేకపోతే మోటబిలిటీ (ఆ భత్యం డబ్బుకి బదులు కారు లీజుకిచ్చే స్కీమ్) లేనట్టే, ఇక చూడాల్సింది శాలరీ శాక్రిఫైస్ (జీతంలో కొంత వదులుకుని ఆఫీసు ద్వారా కారు లీజుకి తీసుకోవడం) ఒక్కటే.

పిప్ వస్తోందా? అవార్డ్ లెటర్ తీయండి. మొబిలిటీ దగ్గర "ఎన్‌హాన్స్‌డ్" అని ఉండాలి, "స్టాండర్డ్" చాలదు. గడువు కనీసం 12 నెలలు మిగిలుండాలి. పిల్లలకిచ్చే వైకల్య భత్యం డీఎల్ఏలో మొబిలిటీకి హయ్యర్ రేట్ ఉంటే అమ్మానాన్నలు నడపొచ్చు, కానీ కారు ఆ బిడ్డ అవసరాల కోసమే. రివ్యూలో ఆ రేటు పోతే కారు వెనక్కి ఇచ్చేయాలి, అందుకే రివ్యూ ఎప్పుడో ముందే చూసుకోండి.

ఆఫీసు స్కీమ్‌లో అసలు మోసపోయేది నెలవారీ అంకె చూసి. అది ట్యాక్స్ పోకముందు జీతంలోంచి కట్ అవుతుంది, పైగా కంపెనీ కారు ట్యాక్స్ వేరే (ఎలక్ట్రిక్‌కి తక్కువే, 2025-26లో కారు లిస్ట్ ధరలో 3 శాతం మీదే లెక్కేశారు). ఎన్‌హెచ్ఎస్‌లో (ప్రభుత్వ వైద్య సేవలు) పనిచేసేవాళ్లకి పెన్షన్ లెక్కలోకి వచ్చే జీతం కూడా తగ్గుతుంది, ఇది చాలామంది గమనించరు. మెటర్నిటీ పే, మార్ట్‌గేజ్ మీదా ప్రభావం పడొచ్చు. ఉద్యోగం మానేస్తే, లేదా తీసేస్తే, ఎర్లీ టెర్మినేషన్ ఛార్జీ (లీజు గడువుకి ముందే ఆపితే పడేది) ఎవరు కడతారో హెచ్ఆర్‌ని మెయిల్‌లోనే అడగండి, నోటిమాట నమ్మొద్దు.

రెండిట్లోనూ ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసింగ్ కలిపారా, మైళ్లు ఎన్ని, అదనపు మైలుకి ఎంత అనేది పక్కపక్కన రాసుకుని పోల్చండి. ర్యాంప్ లేదా హ్యాండ్ కంట్రోల్స్ కావాలంటే మాత్రం మోటబిలిటీనే ముందు కనుక్కోండి.