షుగరున్న కాలు: రోజూ చూసే పద్ధతి, గిరి ప్రదక్షిణ జాగ్రత్తలు, పుండు పడితే తొలి రోజు చేయాల్సినవి

షుగరున్నవారి కాలికి ముల్లు గుచ్చుకుని నొప్పి పుట్టిందంటే నరాలు ఇంకా పనిచేస్తున్నట్టు. భయపడాల్సింది నొప్పి తెలియనప్పుడు. ఏళ్ల తరబడి రక్తంలో గ్లూకోజు ఎక్కువగా ఉంటే పొడవాటి నరాలు ముందు దెబ్బతింటాయి. అందుకే తిమ్మిరి కాలివేళ్ల కొసల్లో మొదలై పైకి పాకుతుంది. చెమట పట్టించే నరాలూ చెడతాయి కాబట్టి, విశాఖ ఉక్కపోతలో ఒళ్లంతా తడిసిపోతున్నా అరికాలు మాత్రం పొడిబారి పగులుతుంది. దీనికి తోడు రక్తనాళాలు సన్నబడితే, చెప్పు ఒరుసుకున్న చోటు కూడా మానని పుండవుతుంది.

స్పర్శ ఎంత మిగిలిందో ఇంట్లోనే చూడొచ్చు. షుగరున్నవారిని కళ్లు మూసుకుని పడుకోమని చెప్పి, మన చూపుడు వేలి కొసతో వారి కాలి బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు చివర్లను ఒక్కొక్కటిగా ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి. నొక్కొద్దు, తట్టొద్దు. తాకినప్పుడల్లా వారే చెప్పాలి. "తెలుస్తోందా?" అని మనం అడిగితే తెలియకపోయినా చాలామంది తలూపేస్తారు. రెండు కాళ్లకూ కలిపి ఆరు చోట్లలో రెండు, అంతకు మించి తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే లెక్క. ఆ తర్వాత డాక్టరు దగ్గర 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (స్పర్శ చూసే సన్నటి నైలాన్ పోగు), 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో (అదురు తెలుస్తోందో చూసే లోహపు పనిముట్టు) పరీక్ష చేయించుకుని, పాదం మీద, చీలమండ లోపలి ఎముక వెనుక నాడి కొట్టుకుంటోందో లేదో చూపించుకోవాలి. కొంతదూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే రక్తప్రసరణ తగ్గిందని అనుమానించాలి. ఆ నొప్పి లేనంత మాత్రాన నాళాలు బాగున్నట్టు కాదు. నరాలు మొద్దుబారితే ఆ నొప్పీ తెలియదు.

రోజూ రాత్రి కాళ్లు కడిగాక మంచి వెలుతురులో చూడాలి. అరికాలు కనపడకపోతే అద్దం నేల మీద పెట్టుకోండి. షుగరు కంటినీ దెబ్బతీస్తుంది కాబట్టి చూపు మందగించినవారికి ఇంట్లో ఇంకొకరు చూడాలి. అందరూ మడమ చూసి వదిలేస్తారు. చూడాల్సినవి వేళ్ల సందులు, బొటనవేలి కింది బుడిపె, చిటికెనవేలి పక్క, చీలమండ బయటి ఎముక. ఆ చివరిది ముఖ్యంగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవారికి. గచ్చుకి ఒరుసుకుని అక్కడ కాయకట్టి, దాని కిందే పుండు తయారవుతుంది. ఆడవాళ్లు మెట్టెలు తీసి చూడాలి. వేలు వాస్తే మెట్టె బిగుసుకుని రక్తాన్ని ఆపేస్తుంది. పసుపు, పారాణి రాసిన కాలిమీద ఎర్రదనం కనపడదు. స్పర్శ పోయినవారు పండక్కి రాసుకున్నా, ఆ నాలుగు రోజులూ చేత్తో తడిమి వేడి, వాపు చూసుకోవాలి.

ఆనెకాయ మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తే లోపల రక్తం చిమ్మిందని అర్థం. పుండుకి ముందు మెట్టు అది. బ్లేడుతో చెక్కొద్దు. మందుల షాపులో దొరికే ఆనెకాయ ప్లాస్టర్లు అసలు వాడొద్దు, వాటిలోని శాలిసిలిక్ ఆమ్లం చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని కూడా కాల్చేస్తుంది. పాదాల వైద్యం తెలిసినవారి చేత తీయించుకోవాలి.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బు చాలు. వేడి ఎంతుందో కాలితో కాదు, మోచేతితో చూడండి. ఎక్కువసేపు నానబెట్టొద్దు. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, వేళ్ల సందులు ఆరవు. చర్మం నాని తెల్లబడి చీలుతుంది, ఫంగస్ పడుతుంది. పాత నూలుబట్ట సందుల్లో దూర్చి అద్దాలి. కొబ్బరినూనో, వాసలీనో మడమకీ అరికాలికీ రాయొచ్చు గానీ సందుల్లో రాయకూడదు. గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. మూలలు లోతుగా తీస్తే గోరు కండలోకి పెరుగుతుంది.

కాలిన గాయాల సంగతి చాలామందికి తట్టదు. తిమ్మిరి పోతుందని వేడినీళ్ల సంచీతో కాపడం పెట్టి అరికాలంతా బొబ్బలెక్కించుకునేవారు ఉంటారు. మధ్యాహ్నం ఆర్కే బీచ్ ఇసుక, గుడి ముందు రాతిపలకలు, బండి సైలెన్సర్, డ్రైవర్ కాలి దగ్గర ఇంజిన్ వేడి, ఇవన్నీ అంతే. స్పర్శ లేని కాలికి కాలిందని తెలిసేది బొబ్బ చూశాకే.

హవాయి చెప్పులు మానేయాలి. బొటనవేలి సందులోని పట్టీ ఒరుస్తుంది. పైగా స్పర్శ లేనివారికి చెప్పు జారిపోయినా తెలియదు, ఒట్టికాలితో నడిచేస్తూ ఉంటారు. మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) అట్ట, గట్టి అడుగు, మడమ వెనుక పట్టీ, వెల్క్రో ఉన్నవి కావాలి. పొడవు అన్నిటికన్నా పొడవైన వేలికంటే సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువ ఉండాలి. సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త వాచి ఉంటుంది. కొత్తవి తొలిరోజు అరగంటే వేసుకుని, విప్పి ఎర్రబడిందేమో చూడాలి. వేసుకునే ముందు ప్రతిసారీ తిరగేసి దులిపి, లోపల చెయ్యి పెట్టి చూడాలి. మేకు అట్టలోంచి పొడుచుకొచ్చినా కాలు చెప్పదు, చెయ్యి చెబుతుంది. ఇంట్లో కూడా చెప్పులుండాలి.

ఇక గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, అదీ చెప్పుల్లేకుండా. తొలి పావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గర కొట్టిన కొబ్బరికాయల పెంకులు మొదలుకొని, వాన తడిసిన రోడ్డు మీద కంకర, గాజుముక్కలు దాకా అన్నీ కాలికిందకే వస్తాయి. పై పరీక్షలో స్పర్శ తగ్గిందని తేలినా, కాలిలో నాడి అందకపోయినా, ఇదివరకు ఎప్పుడైనా పుండు పడినా ఒట్టికాళ్లతో వెళ్లొద్దు. మేజోళ్లు వేసుకుంటే చాలదు; తడిసి ముడుచుకుని అవే ఒరుస్తాయి. అప్పన్న మీద భక్తికి చెప్పులు అడ్డం కావు. వీలైతే కొండమీద ఆలయంలో ప్రదక్షిణ చేసుకోవచ్చు. స్పర్శ బాగున్నవారు వెళ్తే గంటకోసారి కూర్చుని కాళ్లు చూసుకోవాలి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవారు మోతాదు గురించి డాక్టరును ముందే అడగాలి, ఉపవాసంతో నడవకూడదు. వణుకు, చెమట, తికమక వస్తే, లేదా షుగరు 70 కన్నా తగ్గితే, 15 గ్రాముల గ్లూకోజు లేదా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. మర్నాడు నిద్ర లేవగానే పాదాలు మళ్లీ పరీక్షించాలి, బొబ్బలు అప్పుడే బయటపడతాయి.

గాయం కనపడితే శుభ్రమైన కుళాయి నీళ్లతోనో సెలైన్‌తోనో కడిగి, స్టెరైల్ గాజుగుడ్డ కప్పి, వదులుగా కట్టుకట్టాలి. బొబ్బ చిదమొద్దు. పసుపు, కాఫీపొడి, టూత్‌పేస్ట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏవీ వద్దు. 24 గంటల్లోపు డాక్టరుకు చూపించాలి, టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగాలి. చుట్టూ ఎర్రదనం రెండు సెంటీమీటర్లు దాటినా, చీము, దుర్వాసన, జ్వరం, నల్లబడటం ఉన్నా, షుగరు ఉన్నట్టుండి పెరిగినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రికి ఆ రాత్రే వెళ్లాలి.

అరికాలి పుండు మందులేస్తున్నా మానకపోతే సాధారణంగా కారణం ఒక్కటే: దాని మీదే నడుస్తున్నారు. నొప్పి లేదు కదా, బజారుకి వెళ్లొస్తాననుకుంటారు. బరువు తీసేయాలి. మోకాలి కింద దాకా వేసే, తీయడానికి వీలులేని కట్టు అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది, అయితే ముందు రక్తప్రసరణ చూసుకోవాలి. నాలుగు వారాల్లో పుండు విస్తీర్ణం సగానికి తగ్గకపోతే వైద్యం దారి మార్చాలని అడగండి. మానిన పుండ్లలో వందకు సుమారు 40 ఏడాదిలోపే తిరగబెడతాయి.

గాయమేమీ లేకుండా ఒక పాదం ఎర్రబడి, వాచి, రెండోదానికన్నా వేడిగా ఉంటే, నడక వెంటనే ఆపాలి. ఇది చార్కో పాదం కావచ్చు. లోపల ఎముకలు విరిగి కూలుతుంటాయి, మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, బెణుకనో సెల్యులైటిస్ (చర్మం కింది ఇన్‌ఫెక్షన్) అనో పొరబడతారు. పేరు పెట్టి అడగండి.

ఫిషింగ్ హార్బర్లో పనిచేసేవారు, సముద్రంలో దిగేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: పుండున్న కాలితో ఉప్పునీళ్లలోకి దిగొద్దు. వెచ్చటి సముద్రపు నీటిలో ఉండే విబ్రియో సూక్ష్మజీవి షుగరున్నవారికి, కాలేయజబ్బున్నవారికి గంటల్లోనే ముదిరే ఇన్‌ఫెక్షన్ తెస్తుంది. చేప ముల్లు గుచ్చుకున్న కొన్ని గంటలకే వాపు ఎగబాకి, ముదురు రంగు బొబ్బలు లేస్తే అది అత్యవసరం.

చుట్ట, బీడీ, మన తీరపల్లెల్లో ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టి తాగే అడ్డపొగ, ఏదైనా కాలి రక్తనాళాలను మూస్తుంది. మందుతో నయమయ్యే పుండు కూడా పొగ ఆపకపోతే మానడం కష్టం.

డాక్టరుతో పాదాల పరీక్ష: అన్నీ బాగున్నవారికి ఏడాదికోసారి. స్పర్శగానీ, రక్తప్రసరణగానీ తగ్గితే ఆరు నెలలకోసారి. ఆ రెండూ కలిసినా, వాటిలో ఒకదానికి తోడు వేళ్లు వంకరైనా మూడు నుంచి ఆరు నెలలకోసారి. ఒకసారి పుండు పడినా, వేలు తీసేసినా ఒకటి నుంచి మూడు నెలలకోసారి. ఎప్పుడు వెళ్లినా రోజూ వాడే చెప్పులే వేసుకుని వెళ్లండి, పాదంతో పాటు వాటి అరుగుదలనూ డాక్టరు చూడాలి.