మిలిటరీ సర్‌ప్లస్ రైఫిళ్ల సేకరణ, 4వ పాఠం: నంబర్లు కలిస్తే సరిపోతుందా?

ఈసారి నేరుగా, సైన్యాలు వాడి అమ్మేసిన ఈ రైఫిళ్ల భాగాల మీదుండే సీరియల్ నంబర్లలోకి దిగుదామనుకున్నాను, కానీ పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫొటోలు చూశాక ముందు శుభ్రం చేసే సంగతి తేల్చక తప్పదు. "పాత గ్రీజు తీసేయండి" అని రాశాను, ఎక్కడ ఆపాలో రాయలేదు. తప్పు నాదే. ముగ్గురు చెక్కకి ఎమరీ పేపర్ పట్టారు. ఒకరు మోసిన్ నాగాంట్ (పాత రష్యన్ సైనిక రైఫిల్) స్టాక్‌ని, అంటే దాని చెక్క భాగాన్ని, స్పిరిట్‌తో (ఆల్కహాల్‌తో) తుడిస్తే పూతంతా గుడ్డకి అంటుకొచ్చేసింది. యుద్ధం తర్వాత సోవియట్ ఆయుధాగారాలు బాగుచేసిన మోసిన్ల చెక్కకి షెల్లాక్ అనే లక్క పూత పూశారు, అది స్పిరిట్‌లో కరుగుతుంది. ఇంకొకరు స్విస్ కె31 రైఫిల్ బట్‌ప్లేట్ (చెక్క వెనక చివర ఉండే లోహపు పలక) విప్పి, లోపలున్న చిన్న కాగితాన్ని చెత్త అనుకుని పారేశారు. అది ఆ రైఫిల్ మోసిన సైనికుడి పేరు రాసి పెట్టే కాగితం. అన్నిట్లో దొరకదు, దొరికినప్పుడు దాన్ని మించిన ఆధారం లేదు. ఆ సంగతి చదివి నాకు నిజంగా బాధేసింది.

కాబట్టి గీత గీస్తున్నాను. లోహం మీద గడ్డకట్టిన గ్రీజుకి మినరల్ స్పిరిట్స్ (పెట్రోలియం ద్రావకం, పైన చెప్పిన స్పిరిట్ కాదు), మెత్తటి గుడ్డ. చెక్కని కాస్త వెచ్చగా ఉండేచోట పెట్టి, ఊరి పైకొచ్చిన గ్రీజుని పొడిగుడ్డతో తుడవండి. అక్కడితో ఆపండి. పొడిలా రాలే ఎర్ర తుప్పుకి నూనె. గోధుమరంగులో గట్టిపడి కదలని మచ్చ జోలికి వెళ్లకండి. స్టీల్ వూల్ వద్దు, కొత్త బ్లూయింగ్ (ఉక్కుకి నీలినలుపు రంగు ఎక్కించడం) వద్దు, వార్నిష్ అసలే వద్దు. చెక్కని ఒక్కసారి గీకితే ఫ్యాక్టరీ తనిఖీ ముద్రలు పోతాయి, మళ్లీ తెచ్చుకునే దారి లేదు.

ఇప్పుడు పాఠం. చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో చూడటం, మీ దేశంలో లైసెన్స్ నియమాలు, సీరియల్ నంబర్ ఎక్కడుంటుందో వెతకడం, ఇవన్నీ మీకు తెలుసనుకుని వదిలేస్తున్నాను. నన్ను చాలాకాలంగా చిరాకు పెడుతున్నది "అన్నీ మ్యాచింగ్ నంబర్లే, కాబట్టి ఒరిజినల్" అనే మాట. మ్యాచింగ్ అంటే భాగాలన్నిటి మీదా ఒకే సీరియల్ నంబరు ఉండటం. నంబరు కలవడం వేరు, మొదటినుంచీ కలిసే ఉండటం వేరు.

మోసిన్ నాగాంట్ 91/30 మోడల్‌నే తీసుకోండి. మరమ్మతు కేంద్రంలో వందల రైఫిళ్లని విడదీసి, భాగాలన్నీ కలిపేసి, చేతికొచ్చినవి బిగించారు. తర్వాత బోల్ట్ (తూటాని చాంబర్‌లోకి తోసి మూసే భాగం) మీద, మ్యాగజైన్ అడుగు పలక మీద, బట్‌ప్లేట్ మీద పాత నంబరుని అరగదీసో, గీత కొట్టో, బ్యారెల్ నంబరునే మళ్లీ గుద్దారు. నంబర్లన్నీ కలుస్తాయి, ఒక్క భాగానికీ పక్కదానితో పుట్టుక సంబంధం ఉండదు. సోవియట్లు స్వాధీనం చేసుకున్న జర్మన్ కార్98కె రైఫిళ్ల మీదైతే కొత్త నంబరుని ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో (లోహం మీద గీసే విద్యుత్ పరికరంతో) చేత్తో రాశారు, కాబట్టి చూడగానే తెలుస్తుంది. వాటిలో మోసమేమీ లేదు, అది కూడా ఆ రైఫిల్ చరిత్రే. దాన్ని ఫ్యాక్టరీ స్థితి అని చెప్పి అమ్మడమే మోసం.

ఎలా పట్టుకోవాలి? నేనైతే అంకెని చదవను, దాని చుట్టూ ఉన్న లోహాన్ని చూస్తాను. అరగదీసిన చోట చిన్న పల్లం ఉంటుంది, వెలుతురు పక్కనుంచి పడితే ఆకురాయి గీతలు కనిపిస్తాయి. ఈమధ్య గుద్దిన అంకె అంచు చేతికి గరుగ్గా తగులుతుంది, లోపల లోహం తెల్లగా ఉంటుంది. అక్షరాల వాటం బ్యారెల్ మీదో, రిసీవర్ (బోల్ట్ కదిలే ప్రధాన లోహభాగం) మీదో ఉన్న వాటితో పోలుతుందా, లోతు ఒకేలా ఉందా చూడండి. మీరు రుద్ది మెరిపించిన రైఫిల్ మీద ఇవేవీ కనిపించవు, అందుకే పైన అంత గట్టిగా చెప్పాను.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. అమెరికన్ ఎం1 గరాండ్ రైఫిల్‌కి మ్యాచింగ్ అడిగేవాళ్లున్నారు. దానికి సీరియల్ నంబర్ రిసీవర్ మీద మాత్రమే ఉంటుంది. బోల్ట్ మీది డి28287 లాంటివి డ్రాయింగ్ నంబర్లు, అలాంటి బోల్ట్‌లన్నిటికీ అదే. అక్కడ చూడాల్సింది బ్యారెల్ మీది నెల, సంవత్సరం: ఆపరేటింగ్ రాడ్ (బోల్ట్‌ని కదిలించే కడ్డీ) వెనక్కి లాగితే కుడిపక్క కనిపిస్తుంది. రిసీవర్ తయారైన కాలానికి కాస్త ముందుగా ఉంటే సరే, ఏళ్ల తర్వాతిదైతే బ్యారెల్ మార్చినట్టే. యుద్ధం చివర్లో తయారైన కార్98కెలలో చాలా భాగాలకి నంబర్ కొట్టడమే మానేశారు, అక్కడ నంబర్ లేకపోవడం లోపం కాదు. స్వీడిష్ ఎం96 రైఫిల్‌లో చిన్న భాగాల మీద చివరి మూడు అంకెలే ఉంటాయి, మిగతావి చెరిగిపోయాయని అనుకోకండి.

అభ్యాసం. ఇది కష్టమే, అయినా చేయండి. ఒక్క రైఫిల్ తీసుకుని మూడు సాయంత్రాలు కేటాయించండి. గదిలో లైట్లు ఆపి, టార్చిని లోహానికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోండి. కనిపించిన ప్రతి అంకెనీ, ముద్రనీ, గీతనీ కాగితం మీద చేత్తో గీయండి. ఫొటో తీస్తే చాలదు, గీసేటప్పుడే చెయ్యి తేడా పడుతుంది. ఏ పుస్తకమూ తెరవకుండా, ఒక్కో గుర్తు పక్కన "ఫ్యాక్టరీ", "మరమ్మతు", "తర్వాత ఎవరో" అని మీకు తోచింది రాయండి. మూడో రాత్రి అయ్యాకే పుస్తకం తీయండి. రైఫిల్ లేనివాళ్లు అమ్మకానికి పెట్టిన 20 రైఫిళ్ల ఫొటోలతో ఇదే చేయండి, అమ్మేవాళ్ల వర్ణన మాత్రం చివరివరకు చదవకండి.